బురదలో బంగారం కాదు, భాస్వరం వెతుకుదాం

మురుగునీటిని శుద్ధి చేశాక అడుగున మిగిలే మురుగు బురద గురించి వార్త రావడమే అరుదు. వచ్చినా అది ఎక్కువగా బంగారం గురించే ఉంటుంది. జపాన్‌లో నాగానో ప్రాంతంలోని సువా దగ్గర ఒక శుద్ధి కేంద్రం ఉంది. అక్కడ బురదను కాల్చగా మిగిలిన బూడిదలో టన్నుకు 1,890 గ్రాముల బంగారం తేలిందని 2009లో చాలా దేశాల పత్రికలు రాశాయి. అదే దేశంలో పేరున్న హిషికారి గనిలో టన్ను ఖనిజం తవ్వితే వచ్చేది 20 నుంచి 40 గ్రాములే. 2017లో స్విట్జర్లాండ్ పరిశోధకులు తమ దేశపు మురుగులో ఏటా సుమారు 43 కిలోల బంగారం, 3,000 కిలోల వెండి పోతున్నాయని లెక్కగట్టారు. ఆ వార్త కూడా అలాగే చేతులు మారింది.

రెండూ నిజమే. కాకపోతే సువా చుట్టుపక్కల సూక్ష్మ పరికరాలు తయారు చేసే ఫ్యాక్టరీలున్నాయి. స్విట్జర్లాండ్‌లో టిచినో ప్రాంతంలో బంగారం శుద్ధి చేసే కంపెనీలున్నాయి. అలాంటి చోట్లు తప్పిస్తే, బురదలోంచి బంగారం తీయడానికి పెట్టే ఖర్చు వచ్చే బంగారంతో తీరదు.

ఆ 43 కిలోల పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. ఒక మనిషి ఒంట్లోంచి రోజుకు సుమారు ఒకటిన్నర గ్రాముల భాస్వరం బయటికి పోతుంది. ఏడాదికి అర కిలో పైమాటే. అప్పట్లో సుమారు 84 లక్షల మంది ఉన్న స్విట్జర్లాండ్‌కు ఇది ఏటా 4,500 టన్నులు దాటుతుంది. బంగారం లేకపోయినా దేశం బతుకుతుంది. భాస్వరం లేకుండా ఒక్క గింజ కూడా పండదు. మన డీఎన్‌ఏకు వెన్నెముక అదే. ఎముకలకు గట్టితనం, కణంలో శక్తిని మోసుకెళ్లే అణువుకు పని చేసే సత్తా, అన్నీ దానివల్లే. దానికి బదులుగా వాడుకోవడానికి ఇంకో మూలకం లేదు.

నత్రజనితో పోల్చుకుంటే దీని కష్టం అర్థమవుతుంది. నత్రజని గాలి నిండా ఉంది. కరెంటు, గ్యాస్ ఉంటే ఎక్కడైనా యూరియా చేసుకోవచ్చు. భాస్వరం గాలిలో ఉండదు, రాతిలో ఉంటుంది. ఆ రాయి కొద్ది దేశాల్లోనే ఉంది. ప్రపంచ నిల్వల్లో దాదాపు 70 శాతం మొరాకో, పశ్చిమ సహారాల్లోనే ఉన్నాయని అంచనా. 2007 మొదట్లో టన్ను 50 డాలర్ల దరిదాపుల్లో ఉన్న ఆ రాయి (రాక్ ఫాస్ఫేట్) 2008లో 400 డాలర్లు దాటింది. యూరోపియన్ యూనియన్ 2014లో ఈ రాయిని కీలకమైన ముడిపదార్థాల జాబితాలో చేర్చింది. ఏటా ప్రపంచం తవ్వి తీస్తున్నది 20 కోట్ల టన్నులకు పైనే. అందులో ఎక్కువ భాగం ఎరువుగా మారి పొలాలకు వెళుతుంది. పొలం నుంచి తిండికి, తిండి నుంచి మురుగుకు చేరుతుంది. మురుగులో కలిసిన భాస్వరంలో శుద్ధి కేంద్రం పట్టిందల్లా చివరికి బురదలోకే వస్తుంది. అక్కడి నుంచి దాన్ని పొలానికి తిప్పి పంపే దారి మాత్రం చాలాచోట్ల లేదు.

బురదలోంచి ఫాస్ఫేట్‌ను (భాస్వరం ఆక్సిజన్‌తో కలిసి ఉండే రూపం), లోహాలను విడదీయడం మనకు చేతకాక ఈ పని ఆగిపోలేదు. విడదీసే పద్ధతులు బోలెడున్నాయి, వాటిలో కొన్ని చాలా అందంగా పనిచేస్తాయి కూడా. అసలు చిక్కంతా ముందుగా జరిగే కలపడంలో ఉంది. ఫ్యాక్టరీ నీళ్లను ఇళ్ల మురుగులో కలుపుతాం. శుద్ధి కేంద్రంలో ఇనుము లవణాలు, పటిక (అల్యూమినియం లవణం) కలుపుతాం. చివరికి బురదను తీసుకెళ్లి బొగ్గులోనో సిమెంటు కొలిమిలోనో కలిపేస్తాం. కలపడం ప్రతిసారీ చవగ్గానే అవుతుంది, విడదీసేటప్పుడే ఖర్చంతా మీద పడుతుంది.

లోహాల సంగతి ముందు చూద్దాం. పర్యావరణ ఇంజినీరింగ్ చదువుకునే రోజుల్లో బురద పాఠం వచ్చిందంటే నాకు గుర్తుండేవి కాడ్మియం, సీసం, పాదరసం, నికెల్, క్రోమియం. పరీక్షలోనూ వాటి గురించే అడిగేవాళ్లు. అవి విషపు లోహాలు కాబట్టి ఆ భయం సరైనదే. మురుగులో వచ్చే లోహాల్లో ఎక్కువ భాగం బ్యాక్టీరియా ముద్దలకు అతుక్కునో, గాలి తగలని చోట సల్ఫైడ్‌గా మారో బురదలోకే దిగిపోతాయి. అందుకే నీళ్లు శుభ్రపడినకొద్దీ బురద మురికి అవుతుంది. యూరప్ 1986లోనే పొలంలో వేసే బురదకు హద్దులు పెట్టింది. ఎండు బురద కిలోకు కాడ్మియం 20 నుంచి 40 మిల్లీగ్రాములు, పాదరసం 16 నుంచి 25, జింక్ 2,500 నుంచి 4,000, ఇలా. అమెరికా 1993లో తన నియమాలు తెచ్చింది.

కానీ బురదను ఆరబెట్టి తూకం వేస్తే అందులో ఎక్కువగా ఉండే లోహాలు ఇవి కావు. ఇనుము, అల్యూమినియం, కాల్షియం. కాడ్మియం మిల్లీగ్రాముల్లో ఉంటే ఇనుము, అల్యూమినియం పదుల గ్రాముల్లో ఉంటాయి. వాటిలో పెద్ద భాగం శుద్ధి కేంద్రంలో మనం చేతులారా పోసిందే. భాస్వరం చెరువుల్లోకి, నదుల్లోకి వెళితే నాచు విపరీతంగా పెరుగుతుంది. ఆ నాచు చచ్చి కుళ్లేటప్పుడు నీటిలో ఆక్సిజన్ అయిపోయి చేపలు చస్తాయి. దాన్ని ఆపడానికి శుద్ధి కేంద్రాల్లో ఫెర్రిక్ క్లోరైడ్ అనే ఇనుము లవణం గానీ పటిక గానీ కలుపుతారు. కరిగి ఉన్న ఫాస్ఫేట్ ఇనుముతోనో అల్యూమినియంతోనో జతకట్టి అడుగుకు దిగిపోతుంది. పని సులువు, నమ్మకంగా జరుగుతుంది, ఆపరేటర్‌కు టెన్షన్ ఉండదు. నది బాగుపడుతుంది. అయితే ఆ ఫాస్ఫేట్ ఇప్పుడు ఒక తాళం లోపల ఉంది. ఇనుముకు గట్టిగా పట్టుకున్న ఫాస్ఫేట్‌ను మొక్క వేరు అంత తేలిగ్గా లాక్కోలేదు. దాన్ని విడిపించాలంటే యాసిడ్ పోయాలి. యాసిడ్ పోస్తే ఫాస్ఫేట్ ఒక్కటే రాదు, వెంట జింక్, రాగి, కాడ్మియం కూడా కరిగి వస్తాయి.

కాబట్టి లోహాలు తీయడం వేరు, ఫాస్ఫేట్ తీయడం వేరు అనుకుంటే పొరపాటు. రెండూ ఒకే ముడి. ఈ ముడిని పట్టించుకోకుండా చేసిన పనులు ఎలా ఎదురు తిరిగాయో చూపడానికి బయోలీచింగ్, అంటే బ్యాక్టీరియా సాయంతో లోహాలను కరిగించి తీయడం, మంచి ఉదాహరణ.

1980ల చివర్లో, 90లలో కెనడాతో సహా చాలా దేశాల్లో దీనిపై ఎంతో శ్రద్ధగా పరిశోధన జరిగింది. పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. అసిడిథయోబాసిలస్ జాతి బ్యాక్టీరియాకు గంధకమే ఆహారం. బురదలో కొంచెం గంధకం పొడి వేసి గాలి ఊదితే అవి దాన్ని తిని సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మారుస్తాయి. మనం యాసిడ్ కొని పోయనక్కర్లేదు. కొద్ది రోజుల్లో పీహెచ్ (ఎంత తగ్గితే అంత ఎక్కువ ఆమ్లం) 2 దగ్గరికి పడిపోతుంది. జింక్, కాడ్మియం, నికెల్ బాగా కరుగుతాయి. రాగి మొండిది, సల్ఫైడ్ రూపంలో ఉంటుంది కాబట్టి దాన్ని ఆక్సీకరణ కూడా చేయాలి. దానికి ఇనుమును ఆక్సీకరించే బ్యాక్టీరియా తోడు వస్తుంది. సీసం మాత్రం సల్ఫేట్‌గా మారి కరగకుండా బురదలోనే కూర్చుంటుంది. ఇంతవరకూ బాగుంది. బురదను పిండి, లోహాలున్న నీళ్లు వేరు చేస్తే, మిగిలిన బురద పొలానికి పనికొస్తుందని ఆశ.

ఆ పిండిన నీళ్లలోకి లోహాలతో పాటు ఏం పోయిందో కొలిస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. ఫాస్ఫేట్‌లో మంచి భాగం, కొంత నత్రజని అందులోకే వెళ్లిపోయాయి. బురదను ఎరువుగా వాడటానికి లోహాలు తీస్తున్నాం, తీసే క్రమంలో ఎరువునే తీసేస్తున్నాం. తర్వాత ఆ యాసిడ్ నీళ్లలో సున్నం కలిపితే లోహాలు, ఫాస్ఫేట్ కలిసి మళ్లీ ఒకే మడ్డిగా అడుగుకు దిగుతాయి. ఇప్పుడు మన చేతిలో చప్పబడిన బురద ఒకటి, విషం చేరిన మడ్డి ఒకటి. ఇంత చక్కటి జీవశాస్త్రం ఇలా ముగియడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది. ఆ పరిశోధకుల తప్పేం లేదు. అప్పట్లో వాళ్ల ముందు పెట్టిన ప్రశ్న "లోహాలు ఎలా తగ్గించాలి" అన్నది మాత్రమే. "ఏది ఎటు వెళ్లాలి" అన్నది ప్రశ్న అయి ఉంటే, ఆ యాసిడ్ నీళ్లనే అసలు సరుకుగా చూసేవాళ్లు. జర్మనీలో తర్వాత వచ్చిన కొన్ని పద్ధతులు సరిగ్గా అదే చేశాయి. గిఫ్‌హార్న్ పట్టణంలోని శుద్ధి కేంద్రంలో బురదను యాసిడ్‌తో కరిగించి, కరిగిన లోహాలను సల్ఫైడ్‌గా దింపేసి, ఆ తర్వాత మిగిలిన ద్రవంలోంచి ఫాస్ఫేట్‌ను స్ఫటికాలుగా తీశారు. ఇంకో పద్ధతిలో సిట్రిక్ యాసిడ్ కలుపుతారు. అది ఇనుమును, ఇతర లోహాలను తనతో కట్టిపడేసి ద్రవంలోనే ఉంచుతుంది, అప్పుడు ఫాస్ఫేట్ శుభ్రంగా విడిగా దిగుతుంది. రెండూ పనిచేస్తాయి. రెండింటికీ రసాయనాల ఖర్చు మాత్రం చాలా ఎక్కువ.

ఆ స్ఫటికాల పేరు స్ట్రువైట్. మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ ఒక్కో పాలు చొప్పున కలిసిన లవణం, ఆరు నీటి అణువులతో. బరువులో సుమారు 12.6 శాతం భాస్వరం ఉంటుంది. శుద్ధి కేంద్రాల్లో పనిచేసేవాళ్లకు ఇది పాత శత్రువు. బురదను డైజెస్టర్ అనే గాలి తగలని తొట్టిలో కుళ్లబెట్టాక పిండిన నీళ్లు పైపు మలుపుల్లో, పంపుల్లో అలజడికి లోనైనప్పుడు కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది. అక్కడ స్ట్రువైట్ రాయిలా గట్టిపడుతుంది. ఒక శుద్ధి కేంద్రంలో అలా మూసుకుపోయి తీసేసిన పైపు ముక్కను చూశాను. లోపల సగానికి పైగా తెల్లటి రాయి పేరుకుని ఉంది. సుత్తితో కొడితే పెళుసుగా రాలింది. అది మంచి ఎరువు అని, నెమ్మదిగా కరిగి మొక్కకు అందుతుందని అక్కడి వాళ్లకు తెలుసు. అయినా వాళ్లకు అది నెలనెలా చేసే రిపేరు పని, అంతే.

ఆ రాయిని పైపులో కాకుండా మనం చెప్పిన చోట గట్టిపడేలా చేయడమే స్ట్రువైట్ రియాక్టర్ పని. పిండిన నీళ్లలో మెగ్నీషియం కలిపి, పీహెచ్ కొంచెం పెంచి, కింది నుంచి పైకి ప్రవహింపజేస్తే ముత్యాల్లాంటి గుళికలు పెరుగుతాయి. కెనడాలో ఎడ్మంటన్, అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని డర్హమ్ కేంద్రం, 2016 నుంచి షికాగో శివార్లలోని స్టిక్నీ కేంద్రం, ఇవన్నీ ఈ పద్ధతితో ఎరువు తీసినవే. అన్నిటికంటే నాకు నచ్చేది దీని శుభ్రత. స్ఫటికం పెరిగేటప్పుడు తన అణువుల అమరికలో ఇమడని వాటిని చాలావరకు బయటే ఉంచుతుంది కాబట్టి భార లోహాలు చాలా తక్కువగా వస్తాయి. సముద్రపు అడుగున ఏర్పడిన ఫాస్ఫేట్ రాయిలో సహజంగానే కాడ్మియం, యురేనియం ఉంటాయి. యూరప్ 2022 నుంచి ఫాస్ఫేట్ ఎరువుల్లో కాడ్మియానికి, కిలో ఫాస్ఫరస్ పెంటాక్సైడ్‌కు (ఎరువుల్లో భాస్వరాన్ని లెక్కగట్టే రూపం) 60 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది కూడా అందుకే. మురుగు నుంచి వచ్చిందని స్ట్రువైట్‌ను చూసి మొహం తిప్పుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. కాడ్మియం లెక్కలో అది చాలా గని ఎరువుల కంటే శుభ్రం.

దీనికీ ఒక షరతుంది. స్ట్రువైట్ రావాలంటే భాస్వరం నీళ్లలో కరిగి ఉండాలి. ఇనుము, పటిక పోసిన కేంద్రంలో అది బురదలో తాళం వేసుకుని కూర్చుంటుంది, నీళ్లలోకి రాదు. అందుకే ఈ రియాక్టర్లు బాగా నడిచేది, రసాయనాలతో కాకుండా బ్యాక్టీరియాతో భాస్వరం పట్టే కేంద్రాల్లోనే. గాలి లేని తొట్టిలో, తర్వాత గాలి ఉన్న తొట్టిలో బురదను తిప్పుతుంటే కొన్ని బ్యాక్టీరియా అవసరానికి మించి భాస్వరాన్ని ఒంట్లో దాచుకుంటాయి. డైజెస్టర్‌లోకి వెళ్లాక దాన్ని వదిలేస్తాయి. అక్కడ పట్టుకోవాలి. ఇంత చేసినా మురుగులో వచ్చిన భాస్వరంలో స్ట్రువైట్‌గా దక్కేది పదో వంతు నుంచి మూడో వంతు దాకానే. మిగతాది బురదతోనే పోతుంది. ఇది చూసి కొందరు స్ట్రువైట్ దండగ అంటారు. నేను ఒప్పుకోను. పైపులు మూసుకుపోకుండా ఉండటమే ఆ కేంద్రానికి పెద్ద లాభం, ఎరువు దాని మీద అదనం. కాకపోతే ఇదొక్కటే చాలని చెప్పడం కూడా నిజం కాదు.

ఇనుము వాడే కేంద్రాలకు ఈ మధ్య ఇంకో దారి కనిపించింది. గాలి లేని డైజెస్టర్‌లో ఫెర్రిక్ రూపంలోని ఇనుము ఫెర్రస్ అనే ఇంకో రూపానికి మారి ఫాస్ఫేట్‌తో వివియానైట్ అనే ఖనిజంగా స్ఫటికమవుతుంది. ఇనుము తగినంత ఉన్న బురదలో భాస్వరంలో ఎక్కువ భాగం ఈ రూపంలోనే ఉంటుందని నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. వివియానైట్‌ను అయస్కాంతం ఆకర్షిస్తుంది, బలహీనంగానే అయినా. గనుల్లో ఖనిజాన్ని వేరు చేసే అయస్కాంత యంత్రాల్లాంటి వాటితో దాన్ని బురదలోంచి లాగవచ్చు. ఆ తర్వాత క్షారంతో కడిగితే ఫాస్ఫేట్ ఒకవైపు, ఇనుము ఇంకోవైపు వస్తాయి. ఆ ఇనుము మళ్లీ శుద్ధికి పనికొస్తుంది. ఇది చదివిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఎన్నాళ్లుగానో తాళం అనుకున్నదే ఇక్కడ పట్టుకుని లాగే పిడి అయింది.

బూడిద విషయం పెద్దది. పెద్ద నగరాల బురద చివరికి కొలిమికే పోతోంది. ఎందుకంటే దాన్ని పొలాల్లో వేయడం మీద నమ్మకం తగ్గుతోంది. స్విట్జర్లాండ్ 2006లోనే పొలాల్లో బురద వేయడాన్ని నిషేధించింది. అమెరికాలో మైన్ రాష్ట్రం, పీఫాస్ అనే చెదరని రసాయనాలు పొలాల్లో, బావుల్లో తేలాక 2022లో నిషేధించింది. కాల్చడాన్ని తిట్టేవాళ్లు ఉన్నారు. సేంద్రియ పదార్థం, నత్రజని పోతాయన్న వాళ్ల బాధలో న్యాయం ఉంది. కానీ భాస్వరం మంటలో పోదు. 850 డిగ్రీల దాకా వేడిచేసినా అది బూడిదలోనే ఉంటుంది. విడిగా కాల్చిన మురుగు బురద బూడిదలో 5 నుంచి 10 శాతం దాకా భాస్వరం దొరుకుతుంది. మంచి ఫాస్ఫేట్ రాయిలో ఉండేది 13 శాతం చుట్టూ. అంటే ఇది తక్కువ రకం ఖనిజం, అంతేగానీ చెత్త కాదు. పది లక్షల మంది ఉన్న నగరం ఏడాదికి సుమారు 550 టన్నుల భాస్వరం మురుగులోకి పంపుతుంది. శుద్ధిలో 90 శాతం బురదలోకి పట్టగలిగితే దాదాపు 500 టన్నులు. అంత భాస్వరం కావాలంటే గనిలోంచి 3,800 టన్నుల మంచి రాయి తేవాలి.

అదే బురదను బొగ్గు విద్యుత్ కేంద్రంలో కలిపి కాలిస్తే బొగ్గు బూడిదలో భాస్వరం పలచబడి, తీయాలన్నా తీయలేని స్థితికి వస్తుంది. సిమెంటు కొలిమిలో వేస్తే అది సిమెంటుగా పొడి చేసే క్లింకర్ గడ్డల్లో కలిసి గోడల్లోకి, వంతెనల్లోకి పోతుంది. ఇది చవక దారి. పాత కొలిమి ఉంది, ఇంధనం కొంత ఆదా, బురద పీడ వదులుతుంది. దీన్ని పర్యావరణ హితమని ప్రచారం చేయడం చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఏ రసాయన శాస్త్రమూ సిమెంటు గోడలోంచి ఆ భాస్వరాన్ని వెనక్కి తేలేదు.

విడిగా ఉన్న బూడిద నుంచి లోహాలు తీయడానికి రెండు పెద్ద దారులున్నాయి. వేడితో ఒకటి. బూడిదలో క్లోరైడ్ లవణం కలిపి 1,000 డిగ్రీల దగ్గర వేడిచేస్తే జింక్, కాడ్మియం, సీసం క్లోరైడ్లుగా మారి ఆవిరై పోతాయి, వాటిని పొగలోంచి పట్టుకోవచ్చు. క్రోమియం, నికెల్ మాత్రం చాలావరకు కదలవు. అవి ఎక్కువగా ఉన్న బూడిదకు ఈ దారి సాయం చేయదు.

రెండోది యాసిడ్ దారి. నా మనసు దీనివైపే మొగ్గుతుంది. కాల్చాక ఇనుము చాలావరకు హెమటైట్‌గా మారుతుంది. తుప్పు రంగులో ఉండే ఆ ఆక్సైడ్ పలచటి యాసిడ్‌లో అంతగా కరగదు. పచ్చి బురదలో పీడగా ఉన్న ఇనుము బూడిదలో కొంత తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. ఫాస్ఫేట్ దాదాపు అంతా కరుగుతుంది, వెంట అల్యూమినియం, కొన్ని భార లోహాలు వస్తాయి. ఇప్పుడు ఆ ద్రవంలో పీహెచ్‌ను మెల్లగా 3 దాటించండి. అల్యూమినియం ఫాస్ఫేట్ అడుగుకు దిగుతుంది. జింక్, రాగి, కాడ్మియం ఇంకా ద్రవంలోనే ఉంటాయి, వాటికి ఆ పీహెచ్ చాలదు. లోహాలు ఒకవైపు, ఫాస్ఫేట్ ఒకవైపు. తర్వాత అల్యూమినియం ఫాస్ఫేట్‌ను క్షారంలో కరిగించి కాల్షియం కలిపితే కాల్షియం ఫాస్ఫేట్ దిగుతుంది, అల్యూమినియం ద్రవంలో మిగులుతుంది. ఆ ద్రవాన్ని శుద్ధి కేంద్రానికే తిప్పి పంపి మళ్లీ భాస్వరం పట్టడానికి వాడొచ్చు. స్వీడన్‌లో అభివృద్ధి చేసిన యాష్‌టుఫాస్ పద్ధతి కూడా హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో మొదలుపెట్టి కాల్షియం ఫాస్ఫేట్‌ను, ఇనుమును, అల్యూమినియాన్ని వేరువేరుగా తీస్తుంది. లోహాల రికవరీ అంటే నా దృష్టిలో ఇది. బంగారం కాదు, మనం పోసిన ఇనుము, పటిక మనకు తిరిగి రావడం. ఆ రసాయనాలు కొనడం శుద్ధి కేంద్రానికి ప్రతి ఏడూ ఉండే ఖర్చు. అవి తిరిగొస్తే ఆ ఖర్చూ తగ్గుతుంది, బురద కూడా ఒకే చోట తిరగకుండా సరుకుగా విడిపోతుంది.

కాడ్మియం, జింక్, రాగి ఉన్న ఆఖరి ద్రవాన్ని అమ్మి లాభం చేసుకోవచ్చని చెప్పే బ్రోచర్లను నమ్మొద్దు. వాటి మొత్తం తక్కువ, రకాలు ఎక్కువ. అవి బయటపడటమే లాభం. జింక్, రాగి తగినంతగా చేరిన మడ్డిని లోహాల కర్మాగారం తీసుకుంటే సంతోషం. తీసుకోకపోతే చిన్న పరిమాణంలో జాగ్రత్తగా పాతిపెట్టాలి. ఆ చిన్న పరిమాణం ఇంకా చిన్నది కావాలంటే మూలంలోనే పట్టాలి. ఎలక్ట్రోప్లేటింగ్, తోళ్ల పరిశ్రమల నీళ్లను ముందే విడిగా శుద్ధి చేయించిన దేశాల్లో బురదలో లోహాలు 1970ల నుంచి బాగా పడిపోయాయి. పాదరసానికి పంటి డాక్టర్ల క్లినిక్‌లు ఒక పెద్ద మూలం. అక్కడ సింక్ కింద ఒక చిన్న సెపరేటర్ పెడితే పళ్లలో నింపే పాదరసపు మిశ్రమం (అమాల్గం) పొడి అక్కడే ఆగుతుంది. అమెరికా దీన్ని 2017లో తప్పనిసరి చేసింది. బురదలో పడ్డాక ఆ పాదరసాన్ని పట్టడానికి అయ్యే శ్రమతో పోలిస్తే ఆ సెపరేటర్ ఎంత చిన్న పనో చూడండి. ఇళ్ల రాగి పైపులు, పైకప్పుల జింక్ రేకుల నుంచి వచ్చేది మాత్రం అంత తేలిగ్గా ఆగదు, దానికోసమే పైన చెప్పిన రసాయన శాస్త్రం కావాలి.

ఇంత తతంగం ఎందుకు, బురదను నేరుగా పొలంలో వేస్తే భాస్వరం వెనక్కి వెళ్లినట్టే కదా అని అడుగుతారు. మంచి ప్రశ్న. ఇళ్ల మురుగు తప్ప ఇంకేదీ కలవని చిన్న ఊళ్ల బురదకు, పరీక్షలు చేస్తూ, అదే సరైన దారి అని నేనూ అంటాను. అక్కడ కొలిమి కట్టడం వృథా. పెద్ద నగరానికి మాత్రం ఇది కుదరదు. పిండిన బురదలో కూడా నాలుగింట మూడు వంతులు నీళ్లే. ఆ నీళ్లను లారీల్లో దూరాలు మోయాలి. దగ్గరి పొలాల్లోనే వేస్తూ పోతే అక్కడ మట్టిలో జింక్, రాగి ఏడాదికేడాది పేరుకుంటాయి. అవి కుళ్లవు, ఆవిరి కావు. రైతు భూమిని అలా నింపే హక్కు నగరానికి లేదు.

ధర గురించి కూడా దాచకుండా మాట్లాడాలి. గని రాయి నుంచి చేసిన ఎరువు కంటే బూడిద నుంచి చేసింది చాలాసార్లు ఖరీదే. బజారుకే వదిలేస్తే ఈ పని జరగదు. అందుకే చట్టం చేసిన దేశాల్లోనే ఇది కదిలింది. స్విట్జర్లాండ్ 2016లో మురుగు నుంచి భాస్వరం తీయడాన్ని తప్పనిసరి చేసి పదేళ్ల గడువు ఇచ్చింది. జర్మనీ 2017లో తెచ్చిన నియమం ప్రకారం లక్ష మందికి మించిన సామర్థ్యం ఉన్న కేంద్రాలు 2029 నుంచి, 50,000 దాటినవి 2032 నుంచి, ఎండు బురద కిలోకు 20 గ్రాములు అంతకు మించి భాస్వరం ఉంటే దాన్ని తీయాలి. బూడిద నుంచి అయితే కనీసం 80 శాతం. ఆ ఖర్చు మురుగు చార్జీలో భాగంగా ఇళ్లకు చేరుతుంది. తాగునీటిని శుభ్రం చేయడానికి డబ్బు కట్టడం న్యాయమైతే ఇదీ న్యాయమే.

1669లో హాంబర్గ్‌లో హెన్నిగ్ బ్రాండ్ అనే రసవాది మూత్రాన్ని మరిగించి మరిగించి బంగారం వస్తుందేమోనని చూశాడు. వచ్చింది భాస్వరం. అదే హాంబర్గ్ ఇప్పుడు మురుగు బురద బూడిద నుంచి ఫాస్ఫారిక్ యాసిడ్ తీసే ప్లాంటును కట్టుకుంది. బ్రాండ్ వాడింది మూత్రం కావడం కూడా గమనించాల్సిందే. మురుగు పరిమాణంలో అది ఒక శాతం చుట్టూ ఉంటుంది, మురుగులోని భాస్వరంలో సగం దాకా దానిదే. అందులో భార లోహాలు దాదాపు ఉండవు. మూత్రాన్ని మరుగుదొడ్డిలోనే విడిగా పట్టగలిగితే ఇంత పొడుగు కథ ఉండేదే కాదు. కొత్తగా కట్టే పెద్ద భవనాల్లోనైనా ఆ రెండో పైపు వేయడం మొదలుపెట్టాలని నా కోరిక. ఉన్న నగరాలన్నిటినీ తవ్వి పైపులు మార్చలేం కాబట్టి బూడిద దారి కూడా కావాలి.

యాసిడ్ ప్లాంటు కట్టడానికి ఈ రోజు డబ్బు లేని నగరం ఏం చేయాలన్నది ఇక మిగిలిన ప్రశ్న. మురుగు బురదను విడిగా కాల్చి, ఆ బూడిదను విడిగా దాచమంటాను. ఇలా తర్వాత తీసుకోవడానికి బూడిదను నిల్వ ఉంచడాన్ని జర్మనీ చట్టం అనుమతిస్తుంది. తడి తగలని గుంత, దేనితోనూ కలవని బూడిద, ఏ ఏడాది ఏ కేంద్రం నుంచి ఎంత వచ్చిందో రాసిన రికార్డు ఉంటే చాలు. ఆ గుంతలో మున్సిపల్ చెత్త బూడిద ఒక్క లారీ కూడా పడకూడదు. ఇవాళ టెండరు పిలుస్తున్న కొలిమి దశాబ్దాలపాటు నడుస్తుంది. దాన్ని బురద కోసమే కడుతున్నారా, బొగ్గుతోనో చెత్తతోనో కలిపి కాల్చేలా కడుతున్నారా అన్నది ఆ టెండరు కాగితాల్లోనే తేలిపోతుంది. అభ్యంతరం చెప్పాలనుకునేవాళ్లు ఆ కాగితాలు బయటికి వచ్చినప్పుడే చెప్పాలి.